నిప్పునకు గెట్టు లేదు

యాసంగి వరికోతలు ముగియు దినములలో సిద్దిపేట జిల్లాలోని అక్కన్నపేట పరిసరములకు పోయినవారికి ఒక దృశ్యము కనబడుచుండును. పొలములలో కోతయంత్రములు తిరుగుచుండును. పూర్వము పదిమంది కూలీలు దినమెల్ల వంగి కోసిన మడిని యంత్రము గంట సేపటిలో కోసివేయును. వడ్లు ట్రాక్టరు నెక్కి కొనుగోలు కేంద్రమునకు తరలిపోవును. పొలములో మిగులునది కొయ్యకాలు మాత్రమే. జానెడెత్తున నిలిచిన మోళ్ళు, వాని నడుమ యంత్రము విడిచిపోయిన గడ్డి వరుసలు మండుటెండలో ఎండి గలగల లాడుచుండును. ప్రొద్దు వాలునప్పటికి ఏదో యొక దిక్కున పొగ లేచును. చీకటి పడిన పిమ్మట పొలముల మీద ఎఱ్ఱని గీత యొకటి మెల్లగా ప్రాకిపోవును. తెల్లవాఱునప్పటికి నేల నల్లబడి యుండును.

ఈ దృశ్యమునకు పల్లెటూరి పిల్లలు అలవాటు పడినవారే. “నా పొలము, నా గడ్డి, కాల్చుకొందునో, కుప్ప వేసికొందునో నా యిష్టము” అని పెద్దలలో కొందఱనగా వారు వినియుందురు. ఈ మాట ఎంతవరకు నిజము? తన భూమిలో తాను నిప్పు పెట్టుకొనుటకు మనుష్యునకు హక్కు కలదా? కలదేని దానికి హద్దు ఎక్కడ? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట ప్రతి పౌరునకు అవసరము.

అక్కన్నపేట పూర్వము కరీంనగరు జిల్లాలోని హుస్నాబాదు మండలమునకు చెందిన గ్రామము. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణ రాష్ట్రమున క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అది సిద్దిపేట జిల్లాలో చేరి, తానే ఒక మండలమునకు కేంద్రమైనది. అచ్చట వానాకాలమున పత్తి, మక్క, వరి పండును. నీటి వసతి యున్నచోట యాసంగిలోను వరి వేయుదురు. ప్రతి పంటయు తనతోపాటు కొంత చెత్తను విడిచిపోవును. వరికి కొయ్యకాలు, మక్కకు చొప్ప, పత్తికి కట్టె మిగులును. గట్ల మీద ఎండుగడ్డియు ముండ్లకంపయు పెరుగును. వీనిని వదలించుకొనుటకు అగ్గిపుల్ల ఒక్కటి చాలునని రైతు తలంచును.

రైతు ఊరక నిప్పు పెట్టువాడు కాడు. పూర్వము వరిని కొడవలితో నేలకు దగ్గఱగా కోసెడివారు. గడ్డిని మోపులుగా కట్టి వాము వేసెడివారు. అది ఎడ్లకును, పాడిపశువులకును ఏడాది పొడుగున మేతగా నుండెడిది. ఆనాడు గడ్డిని కాల్చుట యనగా పశువు నోటి ముద్దను కాల్చుటయే. నేడు దుక్కికి ట్రాక్టరు వచ్చినది. ఎడ్ల సంఖ్య తగ్గినది. గడ్డిని కట్టలు కట్టు యంత్రమునకు కిరాయి చెల్లింపవలెను. కలియదున్నుటకు డీజిలు ఖర్చగును. తొలకరి వచ్చులోపల పొలము సిద్ధము కావలెను. ఇన్ని తొందరల నడుమ అగ్గిపుల్ల కంటె చౌకయైన సాధనము అతనికి కనబడదు. అంతేగాక, బూడిద ఎరువగుననియు, పురుగులును ఎలుకలును నశించుననియు ఒక నమ్మకము కలదు.

ఈ నమ్మకమును కొంచెము పరీక్షించి చూడవలెను. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 1.2 కిలోల గంధకము ఉండునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. గడ్డి కాలినప్పుడు నత్రజనిలో అధిక భాగము గాలిలో కలిసిపోవును. గంధకములో దాదాపు సగము, భాస్వరములో నాలుగవ వంతు, పొటాషులో ఐదవ వంతు నష్టమగును. మిగిలిన పొటాషు బూడిదలో నుండు మాట నిజమే. కాని వేసవి గాలికి ఆ బూడిద ఎగిరిపోవును, తొలకరి వానకు కొట్టుకొనిపోవును. గడ్డితోపాటు నేలకు చేరవలసిన సేంద్రియ పదార్థము పూర్తిగా నశించును. నేల పైపొరలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో ఉండి, చెత్తను ఎరువుగా మార్చుచుండును. ఆ సేవకులును మంటకు ఆహుతి యగుదురు. పురుగులు చచ్చును గాని, పంటను తిను పురుగులను పట్టి తిను సాలెపురుగులు మొదలగు మిత్రజీవులును వానితోపాటే చచ్చును. ఇట్లు రైతు ఒక చేత నేలలోని సారమును కాల్చి, మఱియొక చేత ఎరువుల బస్తాను కొనుచున్నాడు.

ఇది రైతు తనకు తాను చేసికొను నష్టము. ఇంతటితో ఆగినచో ఇతరులు అడుగుటకు అవకాశము తక్కువ. కాని నిప్పు అంతటితో ఆగదు.

పొలమునకును పొలమునకును నడుమనుండు హద్దును తెలంగాణ ప్రాంతమున గెట్టు అందురు. గెట్టు కొఱకు అన్నదమ్ములు సైతము తగవులాడుదురు. జానెడు నేల అటు ఇటు జరిగినను పంచాయితీ పెట్టుదురు. మనుష్యుడు గెట్టును గుర్తించును, నాగలి గుర్తించును, నీరు కూడ గట్టు వద్ద నిలుచును. నిప్పు మాత్రము గెట్టును గుర్తింపదు. ఎండుగడ్డి ఎంతవరకు నున్నదో అంతవరకు అది పోవును. పొగయైతే ఊరివఱకు పోవును.

ఆ గట్ల మీదనే తాటిచెట్లు, ఈతచెట్లు ఉండును. తాటిచెట్టు పెరిగి కల్లు నిచ్చుటకు పదేండ్లకు పైగా పట్టును. ఆ చెట్టే గీత కార్మికుని కుటుంబమునకు జీవనాధారము. కొయ్యకాలునకు పెట్టిన నిప్పు గట్టెక్కి, ఎండి వ్రేలాడు మట్టలను అంటుకొనినచో ఇన్నేండ్ల ఎదుగుదల ఒక్క రాత్రిలో మాడిపోవును. పొలము ఒకనిది, నిప్పు ఒకనిది, నష్టము మఱియొకనిది. ప్రక్క చేనిలోని బిందుసేద్యపు గొట్టములు, మోటారు తీగలు, కల్లము వద్దనున్న గడ్డివాములు, పశువుల పాకలు ఇట్లే కాలిపోవుచుండును. 2015లో ఆరంభమైన హరితహారము క్రింద రోడ్ల ప్రక్కన నాటిన మొక్కలు కూడ పొలముల మంటలకు మాడిపోవుటను చూడవచ్చును. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెనని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామముల మీద బాధ్యత నుంచినది. ఒక సంవత్సరము నీళ్ళు పోసి పెంచిన మొక్క ఒక నిమిషములో మాడుట ఆ గ్రామ మంతటికిని నష్టమే.

పొగ సంగతి వేఱు. ఒక టన్ను గడ్డి కాలినపుడు సుమారు 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు, 3 కిలోల సూక్ష్మమైన నుసి గాలిలో చేరును. ఈ నుసి ఊపిరితిత్తుల లోతులకు పోగలదు. ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు, వృద్ధులకు అది మిక్కిలి హానికరము. రోడ్డుకు అడ్డముగా పొగ క్రమ్మినచో ఎదుట వచ్చు బండి కనబడక ప్రమాదములు జరుగును.

వీనన్నింటి కంటె దారుణమైనది ప్రాణనష్టము. ఒక ముదుసలి రైతును ఊహింపుడు. కొడుకులు పట్టణమునకు పోయిరి. ఇంటివారికి చెప్పకయే అతడు ఒంటరిగా పొలమునకు పోయి కొయ్యకాలునకు నిప్పంటించును. ఇంతలో గాలి దిక్కు మారును. మంట ప్రక్క పొలము వైపు పరుగెత్తును. పొరుగువాని గడ్డివాము కాలిపోవునను భయముతో అతడు చేతనున్న కొమ్మతో మంటను కొట్టుచు ముందునకు పోవును. పొగ చుట్టుముట్టును, ఊపిరాడదు, కాళ్ళు తడబడును. ఇది కల్పిత భయము కాదు. తెలంగాణలో కొయ్యకాలునకు నిప్పు పెట్టి ఆ మంటలోనే చిక్కి రైతులు మరణించిన సంఘటనలు పలుమాఱు జరిగినవి. అట్లు పోయినవారిలో పెక్కుమంది వృద్ధులే. పది ఎకరములు దున్నుటకగు ఖర్చును ఒక ప్రాణముతో సరితూచు తండ్రి గాని, కొడుకు గాని ఉండడు.

నిప్పు ఒక్కని సొత్తు కాదను విషయమును మన పూర్వులు బాగుగా నెఱుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అగ్ని భయమును గూర్చి వివరమైన నియమములు కలవు. గ్రీష్మకాలమున గ్రామవాసులు ఇంటి వెలుపల వంట చేసికొనవలెనని అందు విధింపబడినది. పట్టణములలో గృహస్థులు నీటి కుండలు, నిచ్చెన మొదలగు పరికరములను సిద్ధముగా నుంచుకొనవలెను. ఎక్కడనైన నిప్పంటుకొన్నచో ఆర్పుటకు పరుగెత్తి రాని యింటి యజమానునకు 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు దండుగ. ఏమరుపాటున నిప్పు పెట్టినవానికి 54 పణములు. అనగా నిప్పు పెట్టుట మాత్రమే కాదు, పొరుగింటి నిప్పును చూచి మిన్నకుండుట కూడ తప్పే యని ఆనాటి ధర్మము.

నేటి చట్టములు ఏమి చెప్పుచున్నవి? నిప్పును గూర్చిన నియమములు ఒక్కచోట గాక పెక్కు చట్టములలో చెదరి యున్నవి. వానిలో ముఖ్యమైనవి తెలిసికొనుట మేలు.

మొదటిది భారతీయ న్యాయసంహిత. ఇది 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. తన అధీనములోనున్న నిప్పు వలన ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివాడు దీని 287వ విభాగము ప్రకారము శిక్షార్హుడు. ఆఱు నెలల వరకు కారాగారము గాని, 2,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అంతకు ముందున్న 1860 నాటి శిక్షాస్మృతిలో 285వ విభాగము ఇట్టిదే. అందు జరిమానా 1,000 రూపాయల వరకే. ఈ నియమము నిప్పు ఎవరి పొలములో పుట్టినదని అడుగదు. జాగ్రత్త తీసికొంటివా లేదా యని మాత్రమే అడుగును. ఇతరుల ఆస్తికి గాని, పంటకు గాని నష్టము కలుగునని తెలిసియు నిప్పు పెట్టువానికి 326వ విభాగము ప్రకారము ఏడేండ్ల వరకు శిక్ష పడవచ్చును.

రెండవది 1981లో వచ్చిన వాయు కాలుష్య నివారణ చట్టము. కాలుష్యమును అదుపు చేయుటకై ప్రకటించిన ప్రాంతములలో, వంటచెఱకు వంటి ఇంధనము కాని వస్తువులను కాల్చరాదని ప్రకటన ద్వారా నిషేధించు అధికారమును ఈ చట్టము రాష్ట్ర ప్రభుత్వమున కిచ్చినది. మూడవది 1967 నాటి అటవీ చట్టము. రక్షితారణ్యములో నిప్పు పెట్టుట దీని ప్రకారము నేరము. అడవి అంచున పొలమున్న రైతు తన గట్టు మీది గడ్డిని కాల్చినను, ఆ నిప్పు అడవిలోనికి పోయినచో సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. నాల్గవది 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము. దీనినే ‘వాల్టా’ అందురు. కొన్ని మినహాయింపులు తప్ప, సొంత భూమిలోని చెట్టును నఱకుటకు సైతము అనుమతి పొందవలెనని ఇది చెప్పుచున్నది. చెట్టు యజమానుని దైనను దాని మేలు లోకమున కందఱికిని చెందునను భావము దీనియందున్నది.

చెత్తను బహిరంగ ప్రదేశములలో కాల్చుటను జాతీయ హరిత న్యాయస్థానము 2016 డిసెంబరు 22వ తేదీన దేశమంతట నిషేధించినది. సామాన్యముగా చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు పరిహారముగా నిర్ణయించినది. దానికి ఒక సంవత్సరము ముందు, 2015 డిసెంబరులో, ఢిల్లీ, పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ ప్రాంతములలో పంటచెత్తను కాల్చుటను అదే న్యాయస్థానము నిషేధించినది. రెండెకరముల లోపు భూమి గలవారికి 2,500, రెండు నుండి ఐదెకరముల వారికి 5,000, అంతకు మించినవారికి 15,000 రూపాయలని తరతమ భేదము పాటించినది. 2024లో ఢిల్లీ పరిసర ప్రాంతములకు ఈ మొత్తములు రెట్టింపైనవి. ఉత్తరాది పొగ దేశ రాజధానిని క్రమ్మినందున అచ్చటి నియమములు కఠినమైనవి. తెలంగాణలో అట్టి స్థితి రాకముందే మేల్కొనుట వివేకము.

ఇతర దేశములలో ఈ విషయమును ఎట్లు చక్కబెట్టుకొనిరో చూడవచ్చును. ఇంగ్లండులో గోధుమ మొదలగు ధాన్యపు పంటల కొయ్యకాలును కాల్చుట 1993 నాటి నియమములతో ఆగినది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు, అనగా అచ్చటి వేసవిలో, సాధారణముగా అగ్ని ప్రమాదకాలము పాటింపబడును. ఆ కాలమున తన భూమిలో చెత్త కాల్చదలచినవాడు అగ్నిమాపక శాఖ నుండి అనుమతి పత్రము పొందవలెను. ఇరుగుపొరుగు భూముల వారికి 24 గంటలు ముందుగా తెలుపవలెను. అనుమతికి కొంత జాప్యమైనను, పొరుగువాని వాము, పశువు, ప్రాణము నిలుచును.

అయితే చట్టమునకు నిప్పు మీద పగ లేదు. తెగులు సోకిన మొక్కలను పెఱికి కాల్చివేయుడని వ్యవసాయాధికారులే చెప్పు సందర్భములు కలవు. ఒకని చేనిలోని పురుగు పొరుగు చేలకు పాకకుండ, సోకిన పైరును తొలగింపుమని ఆజ్ఞాపించు అధికారమును మద్రాసు రాష్ట్రమున 1919లోనే ఒక చట్టము ప్రభుత్వమున కిచ్చినది. ఒకచోట కాల్చరాదనుటకును, వేఱొకచోట తొలగింపుమనుటకును మూలము ఒక్కటే: నీ పొలములోని పని పొరుగువానికి కీడు కారాదు.

జరిమానా ఒక్కటే ఈ చిక్కును తీర్పజాలదు. రెండెకరముల రైతునకు వేఱు దారి చూపక శిక్షను మాత్రమే చూపుట న్యాయము కాదు. అదృష్టవశమున దారులు కలవు. కోతయంత్రము నడుపువానితో చెప్పి మోళ్ళను వీలైనంత క్రిందికి కోయించినచో సగము చిక్కు తీరును. గడ్డిని యంత్రముతో కట్టలు కట్టించినచో పాడిపశువుల వారు కొనుక్కొందురు. నలుగురు రైతులు కలిసి యంత్రమును కిరాయికి తెచ్చుకొన్నచో ఒక్కొక్కనికి భారము తగ్గును. మిగిలిన మోళ్ళ మీద సూపర్ ఫాస్ఫేటు చల్లి, నీరు పెట్టి కలియదున్నినచో అవి కుళ్ళి ఎరువగును. కాని దున్నిన వెంటనే నాట్లు వేయరాదు. కుళ్ళుచున్న గడ్డి నేలలోని నత్రజనిని కొంతకాలము తానే వాడుకొనును. అప్పుడు నారు పసుపువారును. రెండు మూడు వారములు వ్యవధి యిచ్చినచో ఆ దోషముండదు. చెత్తను త్వరగా కుళ్ళజేయు శిలీంధ్రముల మందును ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ‘పూసా డీకంపోజర్’ అను పేర తయారుచేసిరి. పత్తికట్టెను ముక్కలు చేయు యంత్రములును వచ్చినవి. మక్కచొప్ప ఎట్లును పశువులకు మేతయే. ఈ విషయములలో సందేహము కలిగినచో రైతువేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని అడుగవచ్చును.

ఇండ్ల వెనుకటి ఆకులలములకు, పెరటి గడ్డికి ఎరువు గుంతయే తగిన చోటు. 2019లో ఆరంభమైన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద గ్రామపంచాయతీలకు చెత్త తరలించు ట్రాక్టర్లు, ఎరువు తయారుచేయు షెడ్లు సమకూడినవి. వానిని వాడుకొనుట గ్రామస్థుల పని.

ఒకవేళ తెగులు సోకిన మొక్కలను గాని, ముండ్లకంపను గాని కాల్చక తప్పదని అధికారులు చెప్పినయెడల, కొన్ని జాగ్రత్తలు విధిగా పాటింపవలెను. గ్రామపంచాయతీకిని, ఇరుగుపొరుగు రైతులకును ముందుగా తెలుపవలెను. మండుటెండలోను, గాలి వీచునప్పుడును నిప్పు ముట్టింపరాదు. కుప్ప చుట్టును కొన్ని గజముల మేర గడ్డి చెక్కి నేలను తేటపఱుపవలెను. నీరును, తోడుగా మఱియొక మనిషియు ఉండవలెను. చెట్టు క్రింద గాని, విద్యుత్తు తీగల క్రింద గాని కాల్చరాదు. బూడిద చల్లారువఱకు చోటు విడువరాదు. మంట అదుపు తప్పినచో దానికి ఎదురు నిలువక, దూరముగా తొలగి, 101కి గాని, 112కి గాని ఫోను చేయవలెను. కాలిన వామును మరల వేసికొనవచ్చును. పోయిన మనిషి తిరిగి రాడు.

ఇందులో విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. తాత యొక్కడే అగ్గిపెట్టె జేబులో వేసికొని పొలమునకు బయలుదేరినచో, “తాతా, ఒక్కడివే పోవద్దు” అని చేయి పట్టుకొని ఆపగలవాడు ఇంటిలోని మనుమడే. గడ్డిలో ఎంత ఎరువు ఉన్నదో లెక్కవేసి తండ్రికి చూపగలది బడికి పోవు కూతురే. ఆ లెక్క ఈ పాఠములోనే యున్నది.

రైతు చేతిలో పట్టాపుస్తక మున్నది. అందు సర్వే సంఖ్య, విస్తీర్ణము వ్రాయబడి యుండును. నేలకు యజమానుడు అతడే, సందేహము లేదు. కాని ఆ పుస్తకములో గాలి తన దని వ్రాసియుండలేదు. పొరుగువాని తాటిచెట్టు తన దని వ్రాసియుండలేదు. ఆ సంగతి మఱువని రైతు కోత ముగిసిన పొలమున నాగలి దింపును. గీత కార్మికుడు నిశ్చింతగా తాడెక్కును. సాయంకాలము ఊరి మీద పొగ గాక వంటయింటి వాసన వ్యాపించును.